కావలి ఉన్నవాడి వాటా

2002లో కావలిలో మా ఇంటికి ఒకటే ఫోను లైను. దాని మీద రెండు కంప్యూటర్లు నడిచేవి. ఒకటి మా హాల్లో ఉండేది, రెండోది మేడ మీద అద్దెకున్న అక్కది. వాళ్లాయన కువైట్‌లో పనిచేసేవాడు. ఐఎస్‌డీ అంటే గోడ గడియారం చూసుకుంటూ మాట్లాడాల్సిన రోజులవి. యాహూ మెసెంజర్‌లో మైకు పెట్టుకుంటే గొంతు వినపడుతుందని ఎవరో చెప్పారట. సెలవుకొచ్చినప్పుడు ఆయన ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొనిచ్చి పోయాడు. ఇక ఆమెకి కావాల్సింది లైను. అది మా దగ్గరుంది.

ఇంటర్నెట్ ప్యాకులో సగం, ఫోను బిల్లులో సగం ఆమె ఇచ్చేట్టు మా అమ్మతో ఒప్పందం కుదిరింది. పని నాది. ఒక కొసన తీగల వరస మార్చి బిగించిన క్రాస్ కేబులు కిటికీలోంచి మేడ మీదికి లాగాను. 1999లో వచ్చిన విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అని ఒక సదుపాయం ఉండేది. అది ఆన్ చేస్తే మోడెమ్ ఉన్న కంప్యూటర్‌కి 192.168.0.1 అనే నంబరొస్తుంది. రెండోది దాని చాటున ఉండి బయటికి పోతుంది. బయటివాళ్లకి కనపడేది ఒకటే అడ్రసు. అంటే ఇంటర్నెట్ దృష్టిలో మా రెండు కాపురాలూ ఒకటే ఇల్లు! పదిహేడేళ్ల వయసులో నాకది చాలా గొప్ప సంగతిగా తోచింది.

కావలి అంటే కాపలా కదా. ఆ చిన్న నెట్‌వర్క్‌కి కావలి నేనే.

మోడెమ్ మీద 56కె అని ఉండేది గానీ, మా లైను మీద సెకనుకి నాలుగైదు కిలోబైట్లు వస్తే పండగే. నాలుగు ఎంబీల పాట దిగడానికి పావుగంట పట్టేది. అప్పుడు ఒక ఫ్రెండు డౌన్‌లోడ్ మేనేజర్ ఉన్న సీడీ ఇచ్చాడు. ఒక ఫైలుని ముక్కలు చేసి, ఒకేసారి ఎనిమిది కనెక్షన్లతో లాగేది అది. నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు పెద్ద తేడా ఏమీ కనపడలేదు. లైను పట్టేది అంతే కదా. మేడ మీద అక్క ఉన్నప్పుడు మాత్రం నా పాటలు చకచకా దిగేవి.

కారణం నాకు తొందర్లోనే అర్థమైంది. ఇరుకు దారిని నెట్‌వర్క్ మనుషులకి పంచదు, కనెక్షన్లకి పంచుతుంది. నావి ఎనిమిది, ఆమెది ఒకటి. ఆమె మొగుడి మాట నా పాటల ముక్కల వెనక వరసలో నిలబడేది.

శుక్రవారం అక్కడ సెలవు. ఆ రోజు రాత్రి ఆమె మైకు ముందు కూర్చునేది. "ఆ... వినపడతాందా? మళ్లీ చెప్పండి" అని మేడ మీంచి కింద దాకా వినపడేది. ఒక రోజు మెట్లు దిగుతూ నాతో అంది: "ఆయన గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుందబ్బయా. కువైట్ కాడే ఏందో తేడా ఉన్నట్టుంది."

"అయుండొచ్చక్కా" అన్నాను.

అప్పుడు నేను నాకు చెప్పుకున్న సమాధానాలు ఇంకా గుర్తున్నాయి. పంచేది యంత్రం, నేను కాదు. ఆమె లైను నేనేం ఆపలేదు. అసలు లైను మాది.

ఈ పంపకం వెనక ఒక కథ ఉందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. 1986 అక్టోబర్‌లో, అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ నాలుగు వందల గజాల దూరంలోని బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య నెట్‌వర్క్ కుప్పకూలింది. సెకనుకి 32 వేల బిట్ల వేగం 40 బిట్లకి పడిపోయింది. అందరూ ఒకేసారి తోసుకురావడమే కారణం. వాన్ జేకబ్సన్ 1988లో రాసిన పేపర్లో చూపించిన దారి, మర్యాదస్తుడి దారిలాగే ఉంటుంది: ఇరుకైందని తెలియగానే పంపేవాడు తనంతట తాను తగ్గాలి. ఇంటర్నెట్ ఆ మర్యాద మీదే నిలబడింది. కానీ ఒక మనిషి ఎన్ని కనెక్షన్లు తెరవచ్చో అది అడగదు. కనెక్షన్ల లెక్కన పంచడాన్ని న్యాయం అనుకోవడమే తప్పని బాబ్ బ్రిస్కో 2007లో గట్టిగా వాదించాడు.

మా వైపు రైతుకి ఇది చెప్పక్కర్లేదు. సోమశిల నుంచి కావలి కాలువ వస్తుంది. తూములన్నిటికీ సమానంగా నీళ్లు వదిలామంటే న్యాయంగానే వినపడుతుంది, ఒకడి పొలానికే ఎనిమిది తూములున్నాయని తెలిసేదాకా. సమానం అన్న మాట వినగానే, దేన్ని లెక్కపెట్టి సమానం అంటున్నారని అడగాలి. ఆ లెక్క ఎంచుకునేది ఎప్పుడూ కాలువ మొదట్లో ఉన్నవాడే.

పోనీ, మనిషికి సగం అని పంచితే సరిపోయేదా? నాకు నమ్మకం లేదు. పాట రేపైనా దిగుతుంది. మాట అలా ఆగదు, అర సెకను ఆలస్యమైతే అవతలివాడు ఇంకో మాట ఎత్తుకుంటాడు. నీళ్ల దగ్గర వంతులుంటాయి. ఈ రాత్రి నీకు, రేపు రాత్రి నాకు. శుక్రవారం ఒక గంట నేను డౌన్‌లోడ్ ఆపితే నాకు పోయేది నాలుగు పాటలు.

వాటా ఎక్కువ తీసుకోవడం కంటే నన్ను ఇప్పటికీ పట్టి పీడించేది ఆ "అయుండొచ్చక్కా". సగం డబ్బులిచ్చే మనిషికి అడిగే హక్కుంది. అడగాల్సింది నన్నేనని ఆమెకి తెలియకుండా చేశాను. నీళ్లు తక్కువొచ్చిన రైతు కనీసం కాలువ గట్టెక్కి చూడగలడు. ఆమె ఎక్కి చూడ్డానికి గట్టు లేదు, కిటికీలోంచి వచ్చే కేబులు తప్ప. అది పోయేది నా దగ్గరికే.

కొన్నాళ్లకి శుక్రవారాలు నెలకొక్కటయ్యాయి. "ఎందుకులే, సగం సగం వింటే ఇంకా దిగులు" అని మా అమ్మతో అందట. తర్వాత వాళ్లు ఇల్లు మారిపోయారు. 2005లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక పాటలు దిగడం పెద్ద విషయం కాకుండా పోయింది. అప్పుడు దించిన పాటలన్నీ ఒక హార్డ్ డిస్క్‌తో పాటే పోయాయి. ఒక్కటీ మళ్లీ వెతుక్కోలేదు.

మొన్న ఆఫీసులో ఒక కుర్రాడు చెప్పాడు, వాళ్ల ఫ్లాట్లో నలుగురికీ ఒకటే వైఫై, రౌటర్ పాస్‌వర్డ్ తన దగ్గరే ఉందని. "స్లోగా ఉందంటే కంపెనీవాడి మీదికి తోసేస్తా" అని నవ్వాడు. నేనూ నవ్వబోయాను. మెట్ల మీద ఆగిన ఆ అక్క గుర్తొచ్చింది. ఆ పాస్‌వర్డ్ మిగతా ముగ్గురికీ చెప్పమన్నాను. ఎందుకన్నాడు. అప్పుడు మొదటిసారి ఈ సంగతంతా ఒక మనిషికి చెప్పాను. చెప్పాల్సిన మనిషికి మాత్రం కాదు.