హెడ్ విప్పే ముందు

బిడ్డా, రేడియేటర్ మూత తీయగానే ఇరానీ చాయ్ రంగులో జిడ్డు తేలితే, వెంటనే "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అనెయ్యకు. ఆ మాట వినగానే ఓనర్ గుండె జారిపోతుంది. బండి ఆగినా అతని కిస్తీ ఆగదు.

దబీర్‌పురా దర్వాజా దగ్గర పనిచేసే రోజుల్లో నేనూ ఆ తప్పు చేశాను. నీళ్లలో ఆయిల్ చూసి, పది చక్రాల లారీకి హెడ్ దింపేశాను. గ్యాస్కెట్ శుభ్రంగా ఉంది. పగిలింది ఆయిల్ కూలర్. డ్రైవర్ మూడు రాత్రులు క్యాబిన్‌లోనే పడుకున్నాడు. అది నాకింకా గుర్తే.

ఇంజన్ నడిచేటప్పుడు నీళ్ల ప్రెజర్ కంటే ఆయిల్ ప్రెజరే ఎక్కువ. అందుకే కూలర్‌కు చిల్లు పడితే ఆయిలే నీళ్లలోకి వస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూడు. ఆయిల్ తెల్లబడకుండా, లెవెల్ పెరగకుండా ఉంటే ముందు కూలర్‌నే అనుమానించు. దాన్ని విప్పి, దారులు మూసి, గాలి పట్టి తొట్టిలో ముంచు. పంక్చర్ కొట్టులో ట్యూబు ఎలా చెప్తుందో అదీ అలాగే చెప్తుంది.

ఇంజన్ చల్లారాక కాస్త కూలెంట్ గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచు. తెల్లారేసరికి ఆయిల్ పైకి తేలుతుంది. డీజిల్ అయితే వాసనే పట్టిస్తుంది, అప్పుడు ఇంజెక్టర్ స్లీవ్ చూడు. అడుగున ఎర్ర బురద దిగితే అది తుప్పు, బోరు నీళ్లు పోశారేమో డ్రైవర్‌ని నెమ్మదిగా అడుగు. వేర్వేరు రకాల కూలెంట్లు కలిపినా గడ్డ కట్టొచ్చు.

రేడియేటర్ నీళ్లలో బుడగలు వస్తే ఎయిర్ బ్రేకుల కంప్రెసర్‌ని మరవకు. చాలా బండ్లలో దాని హెడ్‌లోనూ ఈ నీళ్లే తిరుగుతాయి. ట్యాంకులు నిండి కంప్రెసర్ లోడ్ దిగాక బుడగలు తగ్గితే, ఇంజన్ హెడ్ జోలికి ఇంకా పోవద్దు.

వేడి మీద మూత మాత్రం తీయకు, నాయనా. ముఖం కాలిపోతుంది. తీసిన కూలెంట్ మోరీలో పారబోయకు. తియ్యగా ఉండే విషం అది, గల్లీలో కుక్కలూ పసిపిల్లలూ తిరుగుతుంటారు. డబ్బాలో పోసి, మూత బిగించి, వాళ్లకు అందని చోట పెట్టు.