ఎవరి అమానత్?

మా పాలమూరోళ్లకు దవాఖాన అంటే మొదటినుంచీ దూరమే. గద్వాలోళ్లు కర్నూలుకు ఉరికారు, వనపర్తోళ్లు పాలమూరుకు, నాగర్‌కర్నూలోళ్లు పట్నానికి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 బండి తర్వాత మా ఊళ్లకూ వచ్చింది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులో, 2024లో గద్వాలలో సర్కారు మెడికల్ కాలేజీలు తెరిచారు. రోడ్డు మీది దూరం కొంత తగ్గింది. బండి స్ట్రెచరుకూ వార్డు మంచానికీ మధ్య నాలుగడుగుల దూరం మాత్రం అట్లనే ఉంది.

ఒక రాత్రి అమ్మీకి పాణం బాగలేదు. "జీ ఘబ్రారా" అంది. బండిలో వచ్చిన ఈఎంటీ పిల్లగాడు మంచోడు. బీపీ చూశాడు, ఆక్సిజన్ పెట్టాడు, కాగితం నింపాడు. దవాఖానలో "పేషెంటు భయపడుతోంది సార్" అని అప్పగించి సంతకం తీసుకున్నాడు. ఘబ్రాహట్ అంటే భయం కూడా, నిజమే. కానీ మా ఇళ్లల్లో గుండె దడకూ, ఊపిరాడకపోవడానికీ, చెమటలకూ అదే మాట. కాగితం మీద భయమొక్కటే మిగిలింది. గోలీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టారు. ఈసీజీ తీసేసరికి తెల్లారింది.

అమ్మీ బతికింది. ఎవరి మీద ఫిర్యాదు చేయను? పిల్లగాడు అబద్ధం చెప్పలేదు. డాక్టరు విన్నదాన్ని బట్టే చేశాడు. తెలుగులో కథలు రాసే నేను పక్కనే నిలబడి ఆ ఒక్క మాటను సరిచేయలేదు. అప్పటికే పేరడిగారు. చెప్పాను. పేరు చెప్పాక నా గొంతు చిన్నదవుతుంది. ఆ రాత్రి ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అయినా చిన్నదైంది.

మా ఇళ్లల్లో అమానత్ అని ఒక మాట ఉంది. ఊరికి పోతూ పక్కింటామె గాజులు దాచమని ఇస్తే అవి అమానత్. ఖురాన్‌లో నాలుగో సూరా, అన్-నిసా, అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించమంటుంది. గాజులు పెట్టెలో పెడితే పెట్టినట్టే ఉంటాయి. రోగి అట్ల కాదు, నిమిష నిమిషానికీ మారుతాడు. ఇచ్చేవాడు తనకు తెలిసిందంతా ఇవ్వాలి, పుచ్చుకునేవాడు దాన్ని అర్థం చేసుకోవాలి. అప్పటిదాకా సంతకం పడ్డా అప్పగింత కాలేదనే అంటాను. ఇంకో కాల్ వచ్చిందని బండి తొందర, మంచం లేదని వార్డు తొందర. ఆ రెండు తొందరల నడుమ మనిషి ఎవరి అమానత్? 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ముందు ప్రాణం కాపాడాలి, లాంఛనాలు తర్వాత అని తేల్చింది. గడప దగ్గర ఆ తీర్పు ఎవరికి గుర్తుంటుంది?

ఇదంతా సాయిబులకే జరుగుతుందని కొన్నాళ్లు అనుకున్నాను. తప్పు. 2020 ఏప్రిల్‌లో, మర్కజ్ వార్తల తర్వాత మా పేర్లే రోగమైన రోజుల్లో, గద్వాల జిల్లా గర్భిణి ఒకామెను కంటైన్మెంట్ ప్రాంతం నుంచి వచ్చిందని దవాఖానలు ఒకదాని నుంచి ఇంకోదానికి తిప్పాయి. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. సంగతి హైకోర్టు దాకా పోయింది. 2021 మేలో అలంపూర్ దగ్గరి పుల్లూరు టోల్‌గేటు కాడ ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను ఆపారు. హైకోర్టు స్టే ఇచ్చాకే దారి వదిలారు. ఆమెను అడిగింది ఊరు. వీళ్లను అడిగింది రాష్ట్రం.

"చూశావా, అందరి బాధే కదా, మళ్లీ ముస్లిం అంటావెందుకు?" అని నా సెక్యులర్ మిత్రులు అడుగుతారు. గడప అందరిదీ, ఒప్పుకుంటాను. అడగకముందే గొంతు తగ్గించుకోవడం మాత్రం అందరూ ఒక్కతీరుగా నేర్చుకోలేదు. అయినా పాలమూరులో పేరు ఏం చెబుతుంది? పీర్లకు మొక్కి పుట్టిన హిందువుల పిల్లలు మౌలాలులు, దస్తగిరమ్మలు. దూదేకులోళ్ల ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆ కాగితం చదివి ఘబ్రాహట్ ఎవరికి అర్థమవుతుందో, ఎవరికి కాదో చెప్పండి చూద్దాం.

మొన్న మా వాడకట్టు పెద్దాయన ఒకాయనను బండిలో తీసుకుపోయాం. పేరడిగారు, చెప్పాను. నా గొంతు చిన్నదే అయింది. కానీ స్ట్రెచరు వదల్లేదు. "సార్, ఆయన భయమనడం లేదు, గుండె దడ, చెమట" అన్నాను. డాక్టరు విసుక్కున్నాడు. విసుక్కుంటూనే రాసుకున్నాడు.