డబ్బు పెట్టకపోతే జూదం కాదా?

మొన్న రాత్రి ల్యాప్‌టాప్‌లో క్రాప్స్ అనే కెసినో పాచికల ఆట ఆడాను. అన్నీ ఉత్తుత్తి డబ్బులే కదా, తప్పేముంది అనుకున్నా. అందులో మామూలు పాస్ లైన్ పందెం గెలిచే అవకాశం 49.3 శాతమే. ఆ లెక్క తెలిసీ, ఓడిన ప్రతిసారీ "ఇంకొక్కసారి" అంటూ రెండింటిదాకా కూర్చున్నా. పొద్దున్నే అమ్మ లేపితే విసుక్కున్నా.

జూదం చెడ్డదని ధర్మరాజుకీ తెలుసు. సర్వం పోగొట్టుకుని, ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చాక కూడా రెండోసారి వెళ్లాడు. పెద్దాయన పిలుపు కాదనలేనన్నాడు. నన్నైతే ఎవరూ పిలవలేదు!

రూపాయి పోలేదు, నిజమే. నిద్ర పోయింది. అమ్మతో మాట్లాడే ఓపిక పోయింది. నేను ఒడ్డింది వాటినే. ఈసారి ఆట ఆపాక, మీ దగ్గర ఏం తగ్గిందో చూసుకోండి. జై శ్రీకృష్ణ.