ఆ గల్లీలో నిశ్శబ్దం

హైదరాబాద్‌లో ఒక చిత్రప్రదర్శన. ఓ నీటిరంగుల బొమ్మ ముందు నేనూ, నా సిరిసిల్ల దోస్తూ నిలబడ్డాం. పాతబస్తీ గల్లీ. మూసిన తలుపులు, గోడకానించిన సైకిలు, దూరంగా ఒక మినార్. మనిషి లేడు.

"ఎంత ప్రశాంతంగ ఉందిరా!" అన్నాడు వాడు.

"కర్ఫ్యూ" అన్నాను నేను.

వాడి ముఖం చిన్నబోయింది. "ప్రతిదాంట్ల నీకు గదే కనవడ్తదా?"

కనబడుతుంది. వందమందికి పైగా ప్రాణాలు తీసిన 1990 డిసెంబరు అల్లర్లప్పుడు నేను పసివాణ్ణి. కోనరావుపేట నుంచి ఫుప్పు ఇంటికి వెళ్లి పాతబస్తీలో చిక్కుకుపోయాం. కిటికీ సందులోంచి చూసిన గల్లీ అచ్చం ఇలాగే ఉండేది. ఎండ ఇంతే మెత్తగా పడేది. ఇంట్లో పాలు లేవు. అమ్మీ మమ్మల్ని దగ్గొద్దనేది. ఆ గల్లీ ప్రశాంతంగా లేదు, ఊపిరి బిగబట్టుకొని ఉంది.

అయితే చిత్రకారుడు అబద్ధమాడాడా? లేదు. తను చూసింది తను గీశాడు. నా భయాన్ని గీయలేదని ఆయన్ను బోనెక్కించే హక్కు నాకెక్కడిది? కానీ ఖాళీ వీధిని చూసి 'ప్రశాంతం' అని తీర్పు చెప్పేవాళ్లు, ఆ తలుపుల వెనకున్నవాళ్లను అడగాలా వద్దా?

వాణ్ణే అడిగాను. "మీ గల్లీల సాంచాలు బందయితే ప్రశాంతమంటవా?"

వాడు మాట్లాడలేదు. సిరిసిల్లలో సాంచాల చప్పుడంటే ఇంట్లో పొయ్యి వెలగడం. ఆ చప్పుడు ఆగితే ఏమవుతుందో నేతన్నల ఆత్మహత్యలు చూసిన ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు.

కాసేపటికి వాడే అన్నాడు: "మరి రంజాన్ల మీ ఇంట్ల పండుకున్ననాడు? సహర్ అయ్యి, ఫజర్ నమాజ్ చదివొచ్చి అందరు మళ్ల ఒరిగినంక మీ గల్లీ గిట్లనే ఉండె గదా!"

ఉండేది. నేనే మరిచిపోయాను. మా ఇంటి నిశ్శబ్దాన్ని వాడు దాచిపెట్టుకున్నాడు, నేను పోగొట్టుకున్నాను. కర్ఫ్యూ నా నుంచి కొన్ని రోజులే తీసుకుందనుకున్నాను. ముసల్మాను గల్లీ అంటే భయమేనని బయటివాళ్లు వేసిన ముద్రను ఇన్నాళ్లూ నేనే మోస్తున్నానా?

నీటిరంగుల్లో వెలుగు కోసం మామూలుగా తెల్లరంగు పూయరు. కాగితాన్నే ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీలో వాడు శాంతిని చూశాడు, నేను కర్ఫ్యూను చూశాను. ఒకరి గల్లీలోకి ఒకరం పోనంతకాలం రెండూ సగం నిజాలే.

అందుకే, ప్రశాంతం అనేముందు ఒక తలుపు తట్టండి. తెరవాల్సిన బాధ్యత మాది.