రాబందునకు మన ఋణము

ఇంటిపై రాబందు వ్రాలిన నశుభమని మన పల్లెలలో నమ్మెడువారు. ఊరి వెలుపల పడిన కళేబరములను తిని, దుర్గంధమును రోగమును తొలగించిన పక్షికి మనము పెట్టిన పేరు అమంగళము. సీత కొఱకు ప్రాణమిచ్చిన జటాయువునకు మ్రొక్కుచు, ఆతని జాతిని ఛీకొట్టుట మనకు విడ్డూరముగ తోచలేదు.

1992 మొదలు 2007 లోపల మన దేశమున తెల్లవీపు రాబందులు వేయింటికి ఒక్కటి చొప్పున మాత్రమే మిగిలినవి. వానిని కూల్చినది వేటగాని యమ్ము కాదు. డైక్లోఫినాక్ అను నొప్పిమందు. కుంటుచున్న యెద్దును చూడలేక రైతు వేయించిన సూది యది. ఆ యెద్దు కొలది దినములలో మరణించినచో, దాని మాంసము తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి ప్రాణము పోవును. ఈ కారణము 2004లో బయల్పడినది.

ఇచటనే ధర్మసందేహము. దయతో చేసిన పని హింసగ పరిణమించినచో దోషమెవ్వరిది? ఎఱుగక చేసిన రైతును నిందింపరాదు. తెలిసిన పిమ్మట అదే మందు వాడుటను మాత్రము దయ యనరాదు. పశువైద్యమున దీనిని 2006లో నిషేధించిరి. మనుష్యులకైన పెద్ద సీసాలు పశువులకు మరలుచుండగా, 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించిరి. అట్టి హానియే చేయు కీటోప్రోఫెన్, అసిక్లోఫినాక్‌లను పశువులకు వాడరాదని 2023లో శాసించిరి.

హర్యానాలోని పింజోరున రాబందుల సంతానమును పెంచు కేంద్రమున్నది. ఈ పక్షి యేడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. తొలి గ్రుడ్డును తీసి యంత్రమున పొదిగించినచో, ఆ జంట మఱియొక గ్రుడ్డు పెట్టుట కలదు. ఇట్లు ఓర్పుతో పెంచిన వానిలో ఎనిమిదింటిని 2020లో ఆకాశమునకు విడిచిరి.

ఈ పాఠము చెప్పుచుండగా ఏడవ తరగతి బాలుడొకడు లేచి, "తప్పు మనది గదండీ మాస్టారూ, చెఱ పక్షికెందుకండీ?" అని యడిగెను. నాకు వెంటనే బదులు తోచలేదు. ఆలోచింపగా తేలినదిది: బయట విషముండగా విడుచుట హత్య, విషము తొలగిన పిమ్మటను విడువకుండుట చెఱ. కావున ఆ పంజరము న్యాయమా, అన్యాయమా యనునది పింజోరున తేలదు. మన యూరి మందుల దుకాణమున తేలును.

చదువరులారా, మీ పశువునకు సూది వేయించునపుడు రాబందులకు హానిచేయని మెలాక్సికామ్‌ను అడుగుడు. ఆ బాలునికి మనము చెప్పదగిన బదులు అదియే.