పాత బండికి ఏసీ పెట్టించే ముందు

అల్లుడూ, పికప్‌కి ఏసీ పెట్టిస్తానంటున్నావట, మీ అమ్మ చెప్పింది. సోకులంటూ ఎవరన్నా నవ్వితే పట్టించుకోకు. దిగ్లీపూర్‌లో కూరగాయలెత్తుకుని పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి ఇంజను సెగకి నీ కాళ్ళు ఎలా కమిలిపోతాయో నాకు తెలుసు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన సరుకు బళ్ళకి క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలని కేంద్రమే రూలు పెట్టింది. నీ చిన్న బండి ఆ లెక్కలోకి రాకపోవచ్చు, కానీ నడిపేవాడి ఒళ్ళు ఎక్కడైనా ఒళ్ళే.

మన అండమాన్ దీవుల్లో ఎండ రెంటచింతల ఎండ కాదు. ముప్పై డిగ్రీలకి అటూ ఇటూ, దాని మీద విడవని చెమ్మ. మే నుంచి డిసెంబరు దాకా వానలే. అద్దాలు ఎత్తితే లోపల ఆవిరి పట్టేస్తుంది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో తువ్వాలుతో అద్దం తుడుచుకుంటూ నువ్వు బండి నడపడం నాకు భయం. ఏసీ గాలిలో తడిని లాగేస్తుంది గనక అద్దం తేటగా ఉంటుంది. నా దృష్టిలో చల్లదనం కంటే అదే ముఖ్యం. అందుకే పెద్ద సెట్టు అక్కర్లేదు.

అయితే ముందు రేడియేటర్ సంగతి తేల్చు. ఏసీ కండెన్సర్ దాని ముందే కూర్చుంటుంది. క్యాబిన్‌లో లాగిన వేడంతా రేడియేటర్ మీదకే వదులుతుంది. బండి పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలి ఆదుకుంటుంది. జిర్కాటాంగ్‌లో అడవి దాటే కాన్వాయ్ కోసం ఆగినప్పుడు, మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బార్జ్ లైనులో నిలబడినప్పుడు గాలేదీ? ఇంజను ఉత్తినే తిరుగుతుంటే టెంపరేచర్ సూది పైకి పోతుంది. జారవాల అడవిలో బండి ఆపకూడదు కదా, అక్కడ హీటెక్కి నిలిచిపోతే కాన్వాయ్ మొత్తం నీ వెనకే ఆగిపోతుంది. కాబట్టి కండెన్సర్‌కి విడిగా కరెంటు ఫ్యాను తప్పనిసరి. ఆ ఫ్యానుకీ, లోపలి బ్లోయర్‌కీ సరిపడా కరెంటు నీ ఆల్టర్నేటర్ ఇస్తుందో లేదో మీటరు పెట్టి చూపించు. లైనులో ఆగినప్పుడు ఏసీ కట్టేయడం అలవాటు చేసుకో.

సామాను మాత్రం నీ మోడల్లోనే ఏసీతో వచ్చిన బండికి వేసే బ్రాకెట్, పుల్లీ, పైపులే తెప్పించు. వెల్డింగు పెట్టి అతికించిన బ్రాకెట్ మన రోడ్డు కుదుపులకి ఆగదు, బెల్టు ఊరికే తెగుతుంది. చెన్నై నుంచో వైజాగ్ నుంచో ఓడలో రావాలి గనక ఓ-రింగులు, ఒక బెల్టు ఎక్కువే రాయించు. రూపాయి రబ్బరు ముక్క కోసం ఓడకి ఎదురుచూడడం కంటే నయం.

బిగించేప్పుడు పక్కనే ఉండు. డ్రయ్యర్ మూతలు అన్నిటికంటే చివర తీయాలి. మన గాలికి అది తెరిచిన కాసేపటికే చెమ్మ పీల్చుకుని పనికిరాకుండా పోతుంది. తర్వాత అరగంటకి తక్కువ కాకుండా వాక్యూమ్ లాగించు, పంపు ఆపాక ముల్లు కదలకపోతేనే గ్యాస్ ఎక్కించనివ్వు. లోపల తడి మిగిలితే గ్యాసుతో కలిసి యాసిడ్‌లా మారి కంప్రెసర్‌ని తినేస్తుంది. 134ఏ గ్యాసే పోయించు. చవకని వంటగ్యాసు కలిపేవాళ్ళుంటారు, అది అంటుకునే గ్యాసు. ఆ మాట ఎత్తిన వాడి షెడ్డు నుంచి బండి తీసుకుని వచ్చెయ్.

ఇక ఉప్పుగాలి. రెండేళ్ళలో కండెన్సర్ రేకులు పిండిలా రాలిపోయిన బళ్ళు జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర ఎన్నో కనపడతాయి. వారానికోసారి మంచినీళ్ళు మెల్లగా పొయ్యి. ప్రెషర్ వాష్ కొడితే రేకులు వంగిపోతాయి. నీళ్ళకు కటకటగా ఉన్న వేసవిలో కూడా దానికో బకెట్టు దాచు. కూలింగ్ కాయిల్ కింద డ్రెయిన్ పైపు మూసుకుపోకుండా చూసుకో. అది నిండితే నీళ్ళు నీ కాళ్ళ మీదకే వచ్చి నేలరేకు తుప్పు పడుతుంది.

రేడియేటర్ కారుతున్నా, ఎత్తులో బండి ఇప్పటికే దమ్ము చాలక ఆయాసపడుతున్నా ఆ డబ్బు ముందు ఇంజనుకి పెట్టు. కంప్రెసర్ కూడా మూడు నాలుగు హార్స్ పవర్ లాగేస్తుంది. అందాకా పన్నెండు వోల్టుల ఫ్యాను ఒకటి, ఇంజను వైపు నేలకి సెగ ఆపే షీటు వేయించు. ఆదివారం బండి ఇంటికి తీసుకురా. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి ఇద్దరం చూద్దాం.