ప్రభువు అడిగిన ప్రశ్న
(మార్కు 10:46–52, 2 కొరింథీ 1:3–4)



బర్తిమయికి చూపు లేదన్న సంగతి యెరికో త్రోవను పోవువారందరికి తెలిసినదే. ప్రభువుకు తెలియదా? అయినను ఆయన అతనిని పిలిపించి, తనవలన ఏమి కోరుచున్నావని అతనినే అడిగెను. జనులు అతని నోరు మూయింపజూచిరి. ప్రభువు ఆ నోటనే మాట పలికించెను.

వానలు తప్పిన యేట చెనిక్కాయ పంట ఎండి, చిత్రావతి ఇసుకయై, మన గోరంట్ల ప్రాంతపు జనులు పిల్లలతో బెంగుళూరికి కూలికి పోవుట మనమెరుగుదుము. ఇంట నడువలేనివాడుండిన, ముసలి అవ్వను తోడుంచి పోవుదురు. ఆ అవ్వయే మంచము పట్టిన, కుండలోని నీళ్లు అతని చేతికందునా? స్వతంత్ర జీవనము పట్టణవాసుల ముచ్చటయని కొందరందురు గాని, ఈ కరవుసీమలో అది కూటి సంగతి.

ఎవరి సాయమును లేకుండ బ్రదుకుట అని దానికర్థము కాదు. ఏ సాయము, ఎప్పుడు, ఎవరిచేత అన్నది తానే నిర్ణయించుకొనుట. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ పదునాలుగవ యేట పోలియోచేత మెడ క్రింద దాదాపు అంతయు చచ్చుబడగా, ఊపిరికొరకు ఇనుప యంత్రములో పండుకొనుచునే విశ్వవిద్యాలయములో చదివెను. 1972లో బర్క్లీ పట్టణమున ఆయనయు తోడివారును స్వతంత్ర జీవన కేంద్రమును స్థాపించిరి. అక్కడ వికలాంగులకు వికలాంగులే సలహాదారులైరి. 2007లో మన దేశము ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 19వ అధికరణము ఈ హక్కునే చెప్పుచున్నది. అంత దూరమేల? 1969లో అనంతపురమున ఆరంభమైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెలలో వికలాంగుల సంఘములను కూర్చినది.

తాను శ్రమలో పొందిన ఆదరణతోనే మరియొకని ఆదరింపవచ్చునని పౌలు వ్రాసెను గదా. వెన్నెముక విరిగినవానికి పిరుదులమీద పుండు పడినను నొప్పి తెలియదు. అరగంటకొకమారు చేతులూని ఒళ్లు లేపవలెనని, రాత్రి అద్దముతో చర్మము చూచుకొనవలెనని డాక్టరు ఒకమారు చెప్పును. పదియేండ్లు ఆ పని చేసినవాడు ప్రక్కన కూర్చుండి చెప్పిన, ఆ మాట మనస్సున నాటును. సదరం సర్టిఫికెట్టుకు ఎట్లు పోవలెను, బస్సు ఎట్లెక్కవలెను, జాలిపడువారికి ఏమి బదులు చెప్పవలెను — ఇవి మనబోటి కాళ్లున్నవారు నేర్పగలవి కావు.

వికలాంగుడని పిలిచిరి, దివ్యాంగుడనిరి, విభిన్న ప్రతిభావంతుడనిరి. పేరు మారినను అనేక దేవాలయముల మెట్లు మాత్రము అట్లేయున్నవి! క్రిస్మసుకు దుప్పటి పంచుట మంచిదే. అయితే అట్టివారిలో ఎందరు సంఘ కమిటీలలో కూర్చుండిరి?

ఈ నెల గృహదర్శనమునకు పోవువారు అట్టి యింట అడుగుపెట్టినప్పుడు, ప్రార్థనకు మునుపు ప్రభువడిగిన ప్రశ్ననే అడుగుడి. తల్లిని గాక, ఆ మనుష్యునినే. మెట్లప్రక్క వాలుబాట కావలెననునేమో, తనవంటివానితో మాటలాడవలెననునేమో, ఈ దినమున ప్రార్థన వద్దనునేమో.